తలకిందుల పత్రిక

లీడ్స్, ఇంగ్లండ్
1977 ఫిబ్రవరి 20

టెస్సీ అక్కా,

పని దొరికింది. ఇక్కడి టెలివిజన్ వాళ్ళు ‘థార్న్‌కోట్ హౌస్’ అని ఎనిమిది భాగాల ధారావాహిక తీస్తున్నారు. 1884లో ఒక పెద్ద బంగళా. పై అంతస్తులో దొరలు, కింద పనివాళ్ళు. నాది గుర్రాలశాలలో పనిచేసే మిక్ డూలన్ వేషం. ఎనిమిది భాగాల్లోనూ ఉన్నాను. అక్టోబరు నుంచి ఆదివారం సాయంత్రాలు వేస్తారు. ఇన్నాళ్ళూ నాకు దొరికినవి తలుపు తట్టి, పార్సిల్ ఇచ్చి వెళ్ళిపోయే వేషాలని నీకు తెలుసు.

ఆ బంగళాలో ఐరిష్ వాళ్ళం ముగ్గురం. నేను తాగుబోతుని. వంటింట్లో బ్రిజెట్ అనే పిల్ల జపమాల తిప్పుతూ వెండి చెంచాలు కొట్టేస్తుంది. మూడోవాడు తోటమాలి. ఎప్పుడు చూసినా గోడపక్కన నిలబడి ఎవరికో ఉత్తరం రాస్తుంటాడు. చివరి భాగంలో బాంబు పెట్టేది వాడే.

మొదటిరోజు మన ఊరి యాసలోనే మాట్లాడాను. రచయిత హాలిడే మధ్యలో ఆపాడు.

“ఏ ఊరి యాసయ్యా ఇది?”

“మా కావన్ జిల్లాది సార్.”

“నిజమైనదే అయ్యుండొచ్చు బాబూ. కానీ ఐరిష్‌లా లేదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు మాట్లాడుతున్న యాస ఏ ఊరిదో నాకు తెలీదు. చుక్క ముట్టనని పదమూడేళ్ళప్పుడు చర్చిలో చేసిన ప్రమాణం ఇంకా తప్పలేదు. తాగినవాడు ఎలా నడుస్తాడో ఇక్కడ ఒకావిడ మూడు రోజులు నేర్పించింది. మెత్తని చెప్పులేసుకున్న ఇంగ్లీషావిడ.

నాన్నకి నువ్వే చెప్పు. ఆరేళ్ళు నాతో మాట్లాడని మనిషి మొన్న నవంబరులో అమ్మ పోయినప్పుడు, శవం దగ్గర జాగారం నాడు నా చేతిలో టీ కప్పు పెట్టి “కూర్చో” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్నాను. ఇది చూశాక, వీడు చేసేది కూడా ఒక పనేనని ఆయనకి అనిపిస్తే చాలు.

ఇంకో సంగతి. ఆరో భాగంలో ఒక జాగారం ఉంది. హాలిడేకి వివరాలు కావాలట. అమ్మ గుండెల మీద పెట్టిన పళ్ళెంలో ఉన్నది ఉప్పా, ముక్కుపొడా? నాకు గుర్తులేదు. నువ్వు విలేకరివి, నీకు గుర్తుంటాయి.

ఫింటన్

*

డ్రమ్‌కెల్లా, కావన్
మార్చి 6

ఫింటన్,

ముక్కుపొడి. వచ్చినవాళ్ళు చిటికెడు తీసుకుని, అమ్మకోసం ఒక ప్రార్థన చెప్పి పక్కకి జరిగేవాళ్ళు. గడియారం నాలుగూ ఇరవైకి ఆపింది నేనే, అమ్మ పోయిన సమయం అది. అద్దం గోడవైపు తిప్పింది రోజ్ గాలిగన్. అమ్మకి తొడిగింది గోధుమరంగు అంగీ. ప్రాణం బయటికి వెళ్ళడానికి కిటికీ రెండు గంటలు తెరిచి ఉంచి మూశాం. రెండు రాత్రులు కలిపి నూట అరవై మందికి పైగా వచ్చారు. పత్రికలో పేర్లు వెయ్యడానికి నేనే రాసుకున్నాను కాబట్టి లెక్క తెలుసు. ఇవన్నీ ఇక్కడ ఏ ఇంట్లోనైనా జరిగేవే, వాళ్ళకి చెప్పుకో.

ఒక్కటి మాత్రం చెప్పకు. రెండో రోజు తెల్లవారుతుండగా అందరూ కునికిపాట్లు పడుతుంటే నాన్న అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచి ఆవిడకే పెట్టాడు. ఆ శుక్రవారం పత్రిక విప్పాడు. అమ్మ జబ్బుతో ఉండగా చదవకుండా మిగిలిపోయిన పత్రిక అది. చర్చి హాల్లో జరిగిన పేకాట పోటీ ఫలితాలు బల్లవారీగా చదివి వినిపించాడు. చివర్లో, “నువ్వన్నట్టే అయింది లిజ్జీ, గెలుపు గాలిగన్ వాళ్ళదే” అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

నేను మెట్ల మీద ఉన్నాను. నువ్వు పొయ్యి పక్క బల్ల మీద పడుకుని ఉన్నావు, నీ కళ్ళు తెరిచే ఉన్నాయి. మనిద్దరం చూశామని ఆయనకి తెలీదు. ఇరవై రెండేళ్ళుగా ఈ జిల్లాలో ఎవరు పోయినా రాసింది నేనే. ఇది రాయలేదు.

నీ వేషం సంగతి చెప్పాను. నాన్న బూట్ల తాళ్ళు కట్టుకోవడం ఆపి, “ఎనిమిది ఆదివారాలూనా?” అన్నాడు. మర్నాడు పాల కేంద్రం దగ్గర ముగ్గురితో “మావాడు” అన్నాడట. మొన్నటిదాకా “ఆ ఇంగ్లండ్‌లో ఉన్నవాడు” అనేవాడు.

టెస్సీ

*

లీడ్స్
మే 29

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. రోజూ ఉదయం ఐదింటికి గుర్రాల దగ్గరికి. నాకు కేటాయించిన గుర్రం పేరు డచెస్. నన్ను కరిచింది, డాక్టరు రెండు కుట్లు వేశాడు.

ఆరో భాగం అయిపోయింది. నువ్వు రాసినవన్నీ పనికొచ్చాయి. గడియారం నాలుగూ ఇరవైకే ఆపారు. సామాన్లు సర్దే ఆవిడ నీకు థ్యాంక్స్ చెప్పమంది.

ఆరో భాగం నాన్న చూడకపోయినా పర్లేదు. అందులో నాది పెద్దగా ఏం లేదు. నాలుగోది బాగుంటుంది, మంటల్లోంచి గుర్రాన్ని బయటికి తెస్తాను. అది చూపించు.

నాన్న దగ్గు ఎలా ఉంది?

ఫింటన్

*

డ్రమ్‌కెల్లా
నవంబరు 1

ఫింటన్,

నాలుగు భాగాలు చూశాం. యూజీన్ గాలిగన్ తన ఇంటి వెనక దిబ్బ మీద ముప్ఫై అడుగుల కర్ర పాతి, దానికి యాంటెన్నా కట్టాడు. సరిహద్దు అవతలి బ్రిటిష్ టవర్ నుంచి బొమ్మ వస్తోంది. గాలి వీస్తే యూజీన్ బయటికెళ్ళి కర్ర పట్టుకుంటాడు. ఆదివారం ఆరున్నరకి వాళ్ళ వంటింట్లో పద్దెనిమిది మందిమి.

నాన్నకి ముందు కుర్చీ. మొదటి భాగంలో నువ్వు జీను వేస్తుంటే, “వీడు జన్మలో గాడిదనైనా పట్టినవాడు కాదు, చూడండి ఎలా కడుతున్నాడో” అన్నాడు. యూజీన్, “ఒరేయ్ బార్నీ, నీ కొడుకు తాగి ఊగుతున్నాడ్రా, ఆ ప్రమాణం గాలికి పోయినట్టేనా?” అన్నాడు. “అది వాడి ఉద్యోగంరా. నువ్వు తాగేది ఊరికే” అన్నాడు నాన్న. రోజ్ నవ్వి టీ ఒలకబోసుకుంది.

నేను నా అలవాటుకొద్దీ లెక్క రాసుకున్నాను. నాలుగు భాగాల్లో మిక్ డూలన్ ముప్ఫై ఏడు సార్లు మాట్లాడాడు. ఇరవై ఎనిమిది సార్లు తాగి. తొమ్మిది సార్లు కింద పడ్డాడు. దొరలు తలుపు తెరిచి గదిలోకి వస్తారు, మూసి వెళ్తారు. ఐరిష్ వాళ్ళలో ఒక్కరు కూడా ఇంతవరకు తలుపు మూయలేదు. ఈ లెక్క నాన్నకి చెప్పలేదు. ఆయన చూసేది నిన్ను, మిక్‌ని కాదు. గుర్రాన్ని బయటికి తెచ్చినప్పుడు తలమీద టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

దగ్గు సంగతి అడిగావు. అది దగ్గు కాదు, గుండె. డాక్టరు నాతో విడిగా, “క్రిస్మస్ దాటితే అదృష్టం” అన్నాడు. నాన్నకి చెప్పలేదు, ఆయన అడగలేదు. ఈ నెల 22న చర్చిలో అమ్మ ఏడాది పూజ. రా. రెండు రోజులైనా రా. పెట్టెల గదిలో నీ మంచం పైకప్పు కారే చోటు నుంచి నాన్న తనే పక్కకి జరిపాడు.

టెస్సీ

*

డ్రమ్‌కెల్లా
నవంబరు 15

ఫింటన్,

మొన్న ఆదివారం ఆరో భాగం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నేను వద్దన్నా నాన్న వినలేదు. “ఎనిమిది ఉన్నాయిగా” అన్నాడు. వంటింట్లో ఇరవై ఒక్క మంది.

గడియారం నాలుగూ ఇరవై దగ్గర ఉంది. నాన్న అది చూసి నావైపు చూశాడు. తర్వాత మిక్ డూలన్ తూలుతూ వచ్చి శవం పక్కన కూర్చున్నాడు. కళ్ళజోడు చొక్కా అంచుతో తుడిచి ముసలామెకి పెట్టాడు. పత్రిక విప్పాడు, తలకిందులుగా. పేకాట ఫలితాలు చదివాడు. “నువ్వన్నట్టే అయింది పెగ్గీ” అన్నాడు. మోచెయ్యి తగిలి పళ్ళెం ఎగిరింది. ముక్కుపొడికి తుమ్మాడు, బల్ల ఒరిగింది, శవం జారి వాడి ఒళ్ళో పడింది.

వంటింట్లో నవ్వారు. నవ్వొచ్చేలాగే ఉంది. రోజ్ కళ్ళు తుడుచుకుంటూ, “అయ్యో బార్నీ అన్నా, నీ కొడుకు చంపేస్తున్నాడు నన్ను” అంది. వాళ్ళకేం తెలుసు. యూజీన్ బయట కర్ర పట్టుకుని, “ఏమైందర్రా, ఎందుకు నవ్వుతున్నారు, నాకూ చెప్పండి” అని అరుస్తున్నాడు.

నాన్న చివరిదాకా కూర్చున్నాడు. పేర్లు వచ్చాక లేచి, “బాగా చేశాడు. టీకి థ్యాంక్స్ రోజ్” అన్నాడు. ఇంటికి నడిచే దారిలో రెండుసార్లు ఆగాడు, ఊపిరికి.

ఇంట్లో కోటు విప్పకుండానే అడిగాడు.

“నువ్వూ చూశావా అమ్మాయ్, ఆ రోజు?”

“చూశాను నాన్నా.”

“వాడు కూడా.”

“అవును.”

కోటు గుండీలు విప్పుతూ, “ఆ రోజు నేను పత్రిక తలకిందులుగా పట్టుకున్నానా?” అన్నాడు.

“లేదు నాన్నా.”

“నాకూ అలాగే గుర్తు” అన్నాడు. తర్వాత పడుకున్నాడు.

నీ గురించి చెడ్డమాట ఏదీ అనలేదు. ఆ తర్వాత నీ పేరే ఎత్తలేదు. ఇరవై రెండో తారీకుకి రమ్మని నేనిప్పుడు రాయలేను. రావద్దని ఆయన చెప్పలేదు. నువ్వే చూసుకో.

టెస్సీ

*

లీడ్స్
నవంబరు 19

అక్కా,

మార్చిలో నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

జనవరిలో హాలిడే నన్ను ఒక హోటల్‌కి పిలిచాడు. ఆయన విస్కీ, నేను నిమ్మరసం. అప్పటికి వేషం ఎవరికీ ఖాయం కాలేదు. “నీలో ఏముందో చూడాలి. నువ్వొక్కడివే చూసింది ఏదైనా ఉంటే చెప్పు” అన్నాడు. అమ్మ పోయి రెండు నెలలు. ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా. చెప్పాను, కళ్ళజోడుతో సహా. ఆయన కంటనీరు పెట్టుకున్నాడు అక్కా. నిజంగానే. రెండు రోజులకి కాంట్రాక్టు వచ్చింది.

తర్వాత ఏప్రిల్లో స్క్రిప్టు పేజీలు చేతికొచ్చాయి. అప్పుడు చూశాను.

మొదటి మూడుసార్లు పత్రిక సరిగ్గానే పట్టుకున్నాను. నవ్వు రావట్లేదన్నారు. తిరగేసి పట్టుకోమన్నారు. “మా నాన్నకి చదువొచ్చు” అన్నాను. హాలిడే ఆశ్చర్యంగా చూసి, “మీ నాన్న ఊసు ఎవరెత్తారు?” అన్నాడు. లైట్లు వేసి ఉన్నాయి, నలభై మంది నిలబడి ఉన్నారు. తిరగేశాను. నాలుగోసారికి ఓకే అన్నారు.

రెండో సిరీస్‌కి అడుగుతున్నారు. జవాబు చెప్పలేదు. సెలవు అడిగాను, ఇస్తామన్నారు. సంచీ సర్ది మంచం కింద పెట్టాను. నాన్నతో ఒక్క ముక్క రాయించు. “రా” అని కాకపోయినా పర్లేదు, తిట్టినా పర్లేదు. ఆయన చేతిరాత ఉంటే చాలు, ఆ పడవకే వస్తాను.

ఫింటన్

*

డ్రమ్‌కెల్లా
డిసెంబరు 18

ఫింటన్,

నాన్న ఈ నెల ఆరున, మంగళవారం ఉదయం తొమ్మిదింటికి పోయాడు. ఎనిమిదిన అమ్మ పక్కన పెట్టాం. నీకు టెలిగ్రామ్ ఇవ్వలేదు. ఇవ్వొద్దని ఆయన చెప్పలేదు. అది నేను చేసింది, నా పేరు మీదే ఉంచుకో.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను, నాలుగో పేరా దాకా. చివరి పేరా కాగితం చేతికిచ్చాను, తనే చదువుకున్నాడు. చదివి మడిచి, “వాడికి నేనేం రాయను? రాస్తే అదీ ఎక్కడో వస్తుంది” అన్నాడు. కోపంతో అన్నట్టు లేదు. వాన వస్తుంది అన్నట్టు అన్నాడు. అమ్మ పూజకి నడవలేక కారులో వచ్చాడు. శుక్రవారం పత్రిక చివరి మూడు వారాలూ మడత విప్పలేదు.

పోయేముందు ఆదివారం నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. “నాకు జాగారం వద్దు. తలుపు వేసెయ్. చూడ్డానికి ఏం ఉండకూడదు.”

“జనం ఏమనుకుంటారు నాన్నా?”

“అనుకోనీ.”

ఈ ఊళ్ళో తలుపు వేసిన చావు నేను వినలేదు. ఇరవై రెండేళ్ళలో రాయలేదు కూడా. వేశాను. పాదిరిగారు వచ్చి వెళ్ళారు, ఆయన వరకే తెరిచాను. జనం మామూలుగానే వచ్చారు. రోజ్ పంది మాంసం వండుకొచ్చింది, తలుపు చూసి వాకిటి గోడ మీద పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు తెచ్చిన గిన్నెలు ఆ గోడ పొడుగునా పెట్టారు. యూజీన్ కిటికీ దగ్గరికొచ్చి, “టెస్సీ, మేమేమైనా తప్పు చేశామా తల్లీ?” అన్నాడు. లేదన్నాను. “మరైతే?” అన్నాడు. వాళ్ళు వాకిట్లో వానలో నిలబడే జపమాల చెప్పుకుని వెళ్ళారు. రెండు రోజులూ అలాగే.

లోపల నేనూ నాన్నే. గడియారం ఆపాను, అద్దం తిప్పాను. ఆ వారం పత్రిక కుర్చీలో ఉంది. చదివి వినిపిద్దామని చేతిలోకి తీసుకున్నాను. ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. అక్కడే పెట్టేశాను.

పదహారో తారీకు పత్రిక ముక్క ఇందులో పెట్టాను. నేను సెలవులో ఉన్నాను కదా, మా పత్రికలో అచ్చక్షరాలు కూర్చే హ్యూ షెరిడన్ ఆ వార్త తనే వేశాడు. ఈ ఊళ్ళో ఏ చావుకైనా వచ్చేది అదే జనం కాబట్టి, పోయినేడాది అమ్మది తీసి, అమ్మ పేరు చోట నాన్న పేరు పెట్టి, ‘భర్త’ అన్న మాట తీసేసి అచ్చేశాడు. అందుకే ‘ఇంటి వద్ద రెండు రాత్రులూ జాగారానికి పెద్దసంఖ్యలో జనం హాజరయ్యారు’ అని ఉంది. కింద హాజరైన బంధువుల పేర్లలో మొదటిది చూడు: ‘ఫింటన్, కుమారుడు, ఇంగ్లండ్.’

హ్యూ తలపట్టుకుని వచ్చాడు. “వచ్చే వారం సవరణ వేద్దాం టెస్సీ, రెండు లైన్లు చాలు” అన్నాడు. నేను ఆ పత్రికలో చేరినప్పటి నుంచి ఒక్క తప్పు కూడా సవరించకుండా వదల్లేదు. ఇది వదిలెయ్యమన్నాను.

నాన్న కళ్ళజోడు, అమ్మ కళ్ళజోడు రెండూ ఆయన కోటు జేబులోనే దొరికాయి. అలాగే శవపెట్టెలో పెట్టించాను.

టెస్సీ

*

లీడ్స్
1978 జనవరి 22

అక్కా,

పత్రిక ముక్క అందింది. నా పేరు చూశాను. పర్సులో పెట్టుకున్నాను.

సంచీలో బట్టలు తీసి అలమరలో సర్దాను. రెండో సిరీస్‌కి సంతకం చేశాను. ఎందుకు చేశానని నువ్వు అడగవు, నేనూ చెప్పలేను. పిలిచారు, వెళ్ళాను. ఇక్కడ మంచు పడుతోంది. డచెస్‌ని అమ్మేశారట, ఇప్పుడు ఇంకో గుర్రం.

మిక్ డూలన్ మూడో భాగంలో చనిపోతాడు. మొదటిదానికి మంచి పేరొచ్చిందని మళ్ళీ ఒక జాగారం పెట్టారు. మొన్న హాలిడే పిలిచి, కుర్చీ వేసి, కాగితం కలం పట్టుకుని కూర్చున్నాడు.

“చెప్పు బాబూ. ఈసారి ఇల్లు ఎలా ఉండాలి?”

“తలుపు వేసి ఉంటుంది సార్” అన్నాను.

“లోపల?”

“తెలీదు. ఎవర్నీ రానివ్వరు. తెచ్చిన గిన్నెలు గోడ మీద పెట్టి, వానలో ప్రార్థన చెప్పుకుని వెళ్ళిపోతారు.”

ఆయన రాసుకోలేదు. కలానికి మూత పెట్టాడు. అలా చూపిస్తే అది ఐరిష్ ఇల్లని ఎవరూ నమ్మరన్నాడు.

ఫింటన్